సార్జంట్ స్లాటర్: వేషమా, అబద్ధమా?

మూడోతాడు: రాత్రి పాత రెజ్లింగ్ వీడియోలు చూస్తుంటే సార్జంట్ స్లాటర్ అనే అమెరికన్ రెజ్లర్ తగిలాడు. డ్రిల్ టోపీ, మెడలో విజిల్, నల్లకళ్ళద్దాలు, ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం, ఎదుటివాణ్ణి పురుగూ పురుగూ అంటూ తిట్టడం. అసలు పేరు రాబర్ట్ రీమస్. పాత్ర ప్రకారం అమెరికా మెరీన్ కోర్‌లో డ్రిల్ ఇన్‌స్ట్రక్టర్. మనిషి మాత్రం మెరీన్స్‌లో పనిచెయ్యనేలేదు. అంతవరకూ నాకేం పేచీ లేదు, కాటికాపరి వేషమేసిన రెజ్లర్ అండర్‌టేకర్ నిజంగా గోతులు తవ్వాడా ఏంటి? కానీ ఈయన రింగ్ బయట, మామూలు ఇంటర్వ్యూల్లో కూడా మెరీన్‌నే అని చెప్పుకున్నాడు. దాన్నీ వేషం కింద వదిలెయ్యాలా? నేనైతే వదల్ను.

బెజవాడ బాబాయ్: ఆ రోజులు వేరు నాయనా. కథని బయట కూడా నిజమనిపించాలన్నది ఆ వృత్తిలో కట్టుబాటు, కేఫేబ్ అనేవాళ్ళు. రష్యావాడిగా సోవియట్ గీతం పాడి జనం చేత తిట్లు తిన్న నికొలాయ్ వోల్కాఫ్ పుట్టింది క్రొయేషియాలో. 1987లో ఐరన్ షేక్, జిమ్ డగ్గన్ అనే ఇద్దరు రెజ్లర్లు న్యూజెర్సీలో మత్తుపదార్థాలతో పోలీసులకి దొరికారు. రింగ్‌లో బద్ధశత్రువులు ఒకే కారులో! కేసుకన్నా అదే పెద్ద రభస అయింది, ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయి. అలాంటి కాలంలో స్లాటర్ నిజం చెప్పేస్తే తిండెవడు పెడతాడు?

ఓరుగల్లు పోరడు: గట్లంటే ఎట్ల బాబాయ్? కార్పొరల్ కిర్చ్‌నర్ అనే రెజ్లర్ సంగతేంది మరి? 1980ల నడుమ స్లాటర్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (గిప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కంపెనీ ఇడిచిపెట్టి పోయినంక గా జాగల తెచ్చిండ్రు. ఆయన నిజంగ అమెరికా సైన్యంల, 82వ ఎయిర్‌బోర్న్‌ల పారాట్రూపర్. అసలు సిపాయిని జనం అంతగనం పట్టించుకోలే, నకిలీ సార్జంటేమో జి.ఐ. జో అనే సిపాయి బొమ్మలల్ల ఒక బొమ్మయిండు, ఆ కార్టూన్‌ల సొంత గొంతే ఇచ్చిండు. గిది సూస్తే నాకు నవ్వొస్తది, కోపమొస్తది.

బెజవాడ బాబాయ్: జనం కొనుక్కున్నది నటన రా అబ్బాయ్, సర్వీసు రికార్డు కాదు. ఆ గొంతు, ఆ నడక కిర్చ్‌నర్‌కి లేవు.

డల్లాస్ మామ: అసలు విడ్డూరం 1991లో ఉంది. స్లాటర్‌ని సద్దాం పక్షం మాట్లాడే దేశద్రోహిగా మార్చేశారు. జనవరి 17న గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ మీద అమెరికా బాంబులు మొదలు. 19న మయామీలో అల్టిమేట్ వారియర్‌ని ఓడించి ఈయన ఛాంపియన్! పక్కన జనరల్ అద్నాన్, ఆయన నిజంగానే బాగ్దాద్‌లో పుట్టినవాడు. తర్వాత కల్నల్ ముస్తఫా దిగాడు. ఆ ముస్తఫా ఎవరో కాదు, పాత ఐరన్ షేక్, ఇరాన్ మనిషి. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్ళు కొట్టుకుని ఆపి మూడేళ్ళు కాలేదు, ఈయనకి ఇరాక్ యూనిఫాం తొడిగేశారు. మార్చిలో రెజిల్‌మేనియాని, అంటే కంపెనీ ఏటా జరిపే పెద్ద పండగని, లాస్ ఏంజిలిస్ కొలీజియం అనే పెద్ద స్టేడియం నుంచి పక్కనున్న 16 వేల మంది పట్టే స్పోర్ట్స్ అరీనాకి మార్చి భద్రత అన్నారు. టికెట్లు తెగలేదని నా నమ్మకం. అక్కడ స్లాటర్ జనం మెచ్చిన హీరో హల్క్ హోగన్ చేతిలో ఓడాడు లెండి.

బెజవాడ బాబాయ్: ఆ కథకే కదా చంపుతామని బెదిరింపులొచ్చాయి! అమెరికా జెండా తగలబెట్టమంటే స్లాటర్ కాదని, హోగన్ మార్కు చొక్కా తగలబెట్టాడు. ఆ పౌరుషం ఎక్కడిదంటావ్?

మూడోతాడు: జెండా సంగతి మనకి చెప్పింది ఎవరు బాబాయ్? ఆయనే. మెరీన్‌నన్న నోరే! ఇక్కడే నా బాధంతా. మా ఊరికి పగటివేషగాళ్ళు వచ్చేవాళ్ళు. ఒకడు ఎస్సై వేషంలో కొట్టుకొట్టుకీ వెళ్ళి లైసెన్సు చూపించమంటే మా తాత నిజంగా వణికాడు. కానీ చివరిరోజు అదే మనిషి మామూలు పంచెతో వచ్చి, మొన్నటి ఎస్సైని నేనే బాబూ అని సంభావన అడిగేవాడు. తాత నవ్వుకుంటూ ఇంకో పది ఎక్కువే ఇచ్చాడు. స్లాటర్‌కి ఆ చివరిరోజు రాలేదు. కేఫేబ్ గుట్టు కంపెనీయే విప్పేసింది, 2004లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చింది. పంచె కట్టుకుని రావడానికి అడ్డేంటి ఇంకా?

ఓరుగల్లు పోరడు: గట్ల అడుగన్నా!

బెజవాడ బాబాయ్: మీ తాత వణికిన మాట నిజమే కదా. నాకది చాలు.