లోరా మాడ్యూల్: టేబుల్ మీద పనిజేస్తున్నది, తోటల నుంచి ఇంటికి డేటా వస్తలేదు

గుర్రంపోడు బత్తాయి:
అన్నా, నమస్తే. తోట ఇంటికి 2.8 కిలోమీటర్ల దూరం. బాయికాడ సెల్ సిగ్నల్ ఉండదు. మోటరు నడుస్తున్నదా, తొట్టిల నీళ్లెంత ఉన్నయి, ఈ రెండూ ఇంట్ల కనపడాలె. ఈబైట్ ఈ32-868టీ20డీ లోరా మాడ్యూళ్లు (దూరం దాకా డేటా పంపే చిన్న రేడియోలు) రెండు, వాటిని నడిపే ఈఎస్‌పీ32 బోర్డులు రెండు తీసుకున్న. మాడ్యూల్‌తోటి వచ్చిన చిన్న యాంటెన్నాలే పెట్టిన. టేబుల్ మీద పంపిన ప్యాకెట్లన్నీ వస్తున్నయి, ఒక్కటి కూడా తప్పిపోతలేదు. తోటకు పోతే ఒక్కటి కూడా వస్తలేదు. సెట్టింగ్ ఏదీ మార్చలే, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నది. బాయికాడ యాంటెన్నా స్టార్టర్ డబ్బా మీదనే ఉన్నది. పవర్ ఎక్కువున్న మాడ్యూల్ కొనాల్నా?

పాలమూరు వైర్‌లెస్:
తమ్మీ, ఇంకో మాడ్యూల్ కొనకు. నీ మాడ్యూల్ పవర్ 20 డీబీఎం, అంటే 100 మిల్లీవాట్లు, నీ దూరానికి అదే ఎక్కువ. డీబీ అంటే సిగ్నల్ ఎంత పెరిగింది, ఎంత తగ్గిందనే కొలత; డీబీఎం ముందర మైనస్ అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత తక్కువ. లెక్క చూడు: 866 మెగాహెర్ట్జ్ మీద 2.8 కిలోమీటర్లకు ఖాళీ గాలిల నష్టం 100 డీబీ. రెండు దిక్కుల 2 డీబీ యాంటెన్నాలు వేసుకుంటే అవతలికి మైనస్ 76 డీబీఎం చేరాలె. ఈ మాడ్యూల్ తక్కువ స్పీడుల మైనస్ 120 కంటె కింద కూడా వింటది. చెట్లు, ఇండ్లు, నేల తినంగా కూడా మిగలాలె. ఒక్కటి కూడా వస్తలేదంటే పవర్ తక్కువై కాదు, ఎక్కడో పెద్ద తప్పున్నది.

టేబుల్ మీద పనిజేయడం దేనికీ రుజువు కాదు. యాంటెన్నా లేకున్నా, తప్పు యాంటెన్నా ఉన్నా గజం దూరంల డేటా పోతది. ముందుగాల కనెక్టర్ చూడు. యాంటెన్నా కనెక్టర్లు రెండు రకాలు, ఎస్ఎంఏ, ఆర్‌పీ ఎస్ఎంఏ; రెండూ మరలు ఒకటే, ఒకదాన్లొకటి మంచిగనే బిగుస్తయి. కానీ ఒకవైపు నడుమ సూది, ఇంకోవైపు నడుమ రంధ్రం ఉండాలె. రెండుదిక్కుల రంధ్రమే ఉంటే లోపల తగలనే తగలదు. వైఫై రౌటర్ యాంటెన్నాలు తెచ్చి పెడితే ఎక్కువ ఇట్లనే అయితది. యాంటెన్నా మీద 433 అని ఉంటే అది కూడ పక్కన పెట్టు. 868 అని రాసి ఉన్నదే కావాలె. యాంటెన్నా లేకుండ మాత్రం కరెంటు ఇయ్యొద్దు, పవర్ తిరిగొచ్చి లోపలి ఆంప్లిఫయర్ పోతది.

ఇగ సెట్టింగులు. ఎం0, ఎం1 అనేవి మాడ్యూల్ మోడ్ మార్చే పిన్నులు. రెండింటికీ 3.3 వోల్టులు ఇస్తే కాన్ఫిగరేషన్ మోడ్, అంటే సెట్టింగులు మార్చే మోడ్. ఇది ఈ32కే. ఈ22 మాడ్యూల్‌ల ఎం1కు మాత్రమే 3.3 ఇచ్చి ఎం0ను గ్రౌండ్‌కు కలపాలె. దీనికి చెప్పిన పద్ధతి దానికి చేస్తే జవాబే రాదు. కంప్యూటర్‌ల సీరియల్ టెర్మినల్ ప్రోగ్రాంను 9600 స్పీడు, 8ఎన్1 (8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్)లో పెట్టి, అక్షరాలుగ కాదు, హెక్స్ బైట్లుగ పంపాలె, చివర్ల న్యూలైన్ కలువకూడదు.

చదవడానికి: సీ1 సీ1 సీ1
వచ్చే జవాబు, ఏం మార్చకుంటే: సీ0 00 00 1ఏ 06 44

ఇందుల ఐదో బైటు చానెల్. 862కు దాన్ని కలిపితే ఫ్రీక్వెన్సీ. 06 అంటే 868 మెగాహెర్ట్జ్, మొత్తం యూరప్ లెక్క. మన దేశంల 2005ల లైసెన్స్ లేకుండ ఇచ్చిన బ్యాండ్ 865 నుంచి 867 (2021ల 868 దాకా పెంచిండ్రు, కానీ సరిగ్గ 868 మీద పెడితే సగం బయటికి పోతది), ట్రాన్స్‌మిటర్ 1 వాటు దాకా. 04 పెట్టు, 866 అయితది. 915 మాడ్యూల్ ఎవరు చౌకగ ఇచ్చినా తీసుకోకు, అది మొబైల్ బ్యాండ్ పక్కన పడ్తది.

నాలుగో బైటు 1ఏ అంటే గాలిల 2.4 కేబీపీఎస్. దాన్ని 18 చెయ్యి, 0.3 అయితది. నెమ్మదిగ పోతది కానీ చాలా దూరం వినపడ్తది. చివరి బైటు 44 అంటే ట్రాన్స్‌పరెంట్ మోడ్ (పంపేటప్పుడు డేటా ముందర అడ్రస్ పెట్టే పని లేదు), పవర్ 20 డీబీఎం.

రాయడానికి: సీ0 00 00 18 04 44

సీ0తోటి రాస్తే కరెంటు పోయినా ఉంటది. సీ2తోటి రాస్తే పోతది. చాలామంది నెట్‌ల దొరికిన సీ2 ప్రోగ్రాం పెట్టి, కరెంటు కోత తర్వాత లింకెందుకు పోయిందని వెతుకుతరు. రెండు మాడ్యూళ్లకు ఒకటే చానెల్, ఒకటే ఎయిర్ రేట్ (గాలిల స్పీడు) ఉండాలె. ఒకదాన్ల 1ఏ, ఇంకోదాన్ల 18 ఉంటే ఎప్పటికీ వినపడవు. రాసినంక మల్ల సీ1లతోటి చదివి చూడు, తర్వాత ఎం0, ఎం1 రెండూ గ్రౌండ్‌కు.

దేవరకొండ స్టార్టర్:
వైరింగ్ నేను చెప్త. ఈఎస్‌పీ32ల టీఎక్స్ (పంపే పిన్ను) 17, మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌డీకి (అందుకునే పిన్నుకు). ఆర్‌ఎక్స్ 16, మాడ్యూల్ టీఎక్స్‌డీకి. ఎం0 25కు, ఎం1 26కు, ఆక్స్ 27కు. ఆక్స్ కిందికి పోయిందంటే మాడ్యూల్ పనిల ఉన్నట్టు. అది పైకి వచ్చినంక 2 మిల్లీసెకండ్లు ఆగి మోడ్ మార్చాలె. ఈ తీగ కలపకుండ డిలే మీద నడిపిస్తే అప్పుడప్పుడు సగం ప్యాకెట్ పోతది, ఎందుకో అర్థం కాదు.

మాడ్యూల్‌కు 5 వోల్టులు ఇయ్యొచ్చు, కానీ సిగ్నల్ పిన్నులకు 3.3 దాటొద్దు. 5 వోల్టుల ఆర్డుయినో ఊనో బోర్డు వాడేటోళ్లు ఆర్‌ఎక్స్‌డీ, ఎం0, ఎం1 దారిల 1 కిలో ఓమ్, గ్రౌండ్‌కు 2 కిలో ఓమ్ రెసిస్టర్లు పెట్టుండ్రి. మాడ్యూల్ విసీసీ (కరెంటు వచ్చే పిన్ను), గ్రౌండ్ పక్కనే 470 మైక్రోఫారడ్, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు. ఈఎస్‌పీ32 బోర్డు మీది 3.3 పిన్ను నుంచి రేడియోకు కరెంటు తీయొద్దు. ట్రాన్స్‌మిట్ అయ్యేటప్పుడు 100 మిల్లీఆంపుల పైన లాగుతది, అప్పుడు బోర్డు రీసెట్ అయితది. వైఫై బాయికాడ అక్కర లేదు, బంద్ పెట్టు.

స్టార్టర్ డబ్బా మీద యాంటెన్నా పెట్టిండ్రు కదా, అది తీసెయ్యాలె. ఇనుప డబ్బా పక్కన ఉంటే యాంటెన్నా ట్యూనింగే మారుతది. కాంటాక్టర్ (స్టార్టర్ లోపలి పెద్ద స్విచ్) పడ్డప్పుడు వచ్చే మెరుపు వేరే తలనొప్పి. రేడియో డబ్బా స్టార్టర్ నుంచి కనీసం 2 గజాలు దూరం ఉండాలె. దాని కాయిల్ మీద 100 ఓమ్, 0.1 మైక్రోఫారడ్ స్నబ్బర్ (మెరుపు తగ్గించేది) పెట్టొచ్చు, కానీ 415 వోల్టుల కాయిల్‌కు 275 వోల్టుల కెపాసిటర్ పెట్టకుండ్రి, కాలుతది. 440 వోల్టుల ఏసీకని అమ్మే రెడీమేడ్ స్నబ్బర్ తీసుకోండి. మోటరు నడుస్తున్నదా అని చూడడానికి ఒక ఫేజు తీగ చుట్టూ స్ప్లిట్ కోర్ సీటీ (తీగ కొయ్యకుండ చుట్టూ బిగించి కరెంటు కొలిచేది) వేస్తే చాలు, 415ను ముట్టనే అక్కర లేదు. స్టార్టర్ దగ్గర ఏం చేయాలన్నా మెయిన్ ఫ్యూజులు గుంజినంకనే.

గుర్రంపోడు బత్తాయి:
జవాబుల సీ0 00 00 1ఏ 06 44 అనే వచ్చింది అన్నా, చెప్పినట్టు 18, 04 రాసిన. బాయికాడి యాంటెన్నా ఆర్‌పీ రకమే, సూది లేదు. వేరేది తెప్పిస్తున్న. ఎత్తు ఎంత పెట్టాలె? నడుమ బత్తాయి తోటలు, దారిపొంటి తాటిచెట్లు, ఒక చిన్న గుట్ట కూడా ఉన్నది, కానీ అది నేరుగ అడ్డం రాదనుకుంటున్న.

పాలమూరు వైర్‌లెస్:
అనుకోవడం కాదు, ఇంటి డాబా ఎక్కి చూడు. రేడియోకు కంటి చూపు గీత ఒక్కటే చాలదు, దాని చుట్టూ కొంత జాగా ఖాళీ ఉండాలె. 2.8 కిలోమీటర్లకు నడిమిట్ల ఆ జాగా వ్యాసార్థం సుమారు 15.5 మీటర్లు, అందుల 60 శాతం, అంటే 9 మీటర్ల పైన ఖాళీ ఉంటే మంచిది. పల్లెల అంత దొరుకది. దొరికినంత ఎత్తు పెట్టాలె. ఇంటి డాబా మీద 3 మీటర్ల జీఐ పైపు, బాయికాడ 6 మీటర్ల పైపు. తాటిచెట్లు పొడుగున్నయని భయపడకు, బోదెల నడుమ నుంచి కొంత పోతది. పచ్చని ఆకు, అదీ వాన తడిసింది, ఎక్కువ తింటది. అందుకే ఎండకాలంల పెట్టి సరిపోయిందనుకున్న లింకు వానకాలంల పోతది. గుట్ట మాత్రం రాయి. గుట్ట అడ్డం ఉంటే పవర్ పెంచినా లాభం లేదు, నడుమ ఎక్కడన్నా మూడో మాడ్యూల్ పెట్టి అందుకొని పంపాల్సిందే.

యాంటెన్నాలు రెండూ నిలువుగ ఉండాలె, ఒకటి పండితే సిగ్నల్ చానా తగ్గుతది. పైపు పక్కన కాదు, పైపు కొస పైన ఉండాలె. పైన యాంటెన్నా పెట్టి కింది నుంచి ఆర్‌జీ58 కేబుల్ గుంజితే మీటరుకు అర డీబీ పైన పోతది, 6 మీటర్లంటే 3 డీబీ, సగం పవర్. దానికంటె రేడియోను ఐపీ65 డబ్బాల (వాన, దుమ్ము పోనిది) పైననే పెట్టి, కిందికి కరెంటు, సీరియల్ తీగలే దించు. డబ్బా తెల్లదైతే మంచిది, సోలార్ పలక నీడల ఉంచు. నల్లగొండ ఎండకు ఇనుప డబ్బాల బ్యాటరీ ఆగది. తీగలు పైపు లోపలి నుంచి పోవాలె, బయట వేలాడితే కోతులు ఉంచవు. పైపుకు ఎర్త్ కూడ ఇయ్యి, ఈదురుగాలి, పిడుగుల కాలంల అది అవసరం.

పెట్టినంక పరీక్ష ఇట్ల చెయ్యి. ఈ32 సిగ్నల్ బలం చూపది. అందుకే నంబరు వేసిన 100 ప్యాకెట్లు పంపి, ఇంటికాడ ఎన్ని వచ్చినయో లెక్కవెట్టు. తర్వాత చివరి బైటు 44ను 47 చేసి పవర్ 10 డీబీఎంకు దించు. అప్పుడు కూడా 95 పైన వస్తే నీ లింకుకు 10 డీబీ మిగులున్నట్టు. అది ఉంటే మల్ల 44 పెట్టుకొని నిమ్మళంగ ఉండొచ్చు. దించితే ఒక్కటి కూడ రాకుంటే, ఎత్తు పెంచినంకనే మోటరు సంగతి ఆలోచించు.

గుర్రంపోడు బత్తాయి:
ఇంటికాడినుంచి మోటరు ఆన్ కూడా చేయొచ్చా?

దేవరకొండ స్టార్టర్:
చేయొచ్చు, కానీ ట్రాన్స్‌పరెంట్ మోడ్‌ల వద్దు. అదే చానెల్ మీద వేరే వాళ్ల మాడ్యూల్ ఏదన్నా మాట్లాడితే నీ బోర్డు వింటది. చివరి బైటు సీ4 చేసి (అడ్రస్ పెట్టి పంపే మోడ్), బాయికాడి దానికి 00 01, ఇంటిదానికి 00 02 అడ్రస్ ఇయ్యాలె. ఇంటికాడినుంచి పంపేటప్పుడు ముందర 00 01 04 పెట్టి తర్వాత నీ డేటా. ప్యాకెట్‌ల అక్షరాలు రాయకు, నీళ్ల మట్టం 2 బైట్లు, మోటరు 1, బ్యాటరీ 2, వరుస నంబరు 1, చెక్‌సమ్ (డేటా చెడిందా అని చూసే అంకె) 2, ఇంతే. 0.3 స్పీడుల ప్యాకెట్ నిండ 58 బైట్లు పంపితే సెకనున్నర కంటె ఎక్కువ గాలిల ఉంటది.

ఆన్ ఆర్డర్ పోయినంక సీటీ కరెంటు చూపిందా లేదా అని బాయికాడినుంచి తిరిగి చెప్పాలె, రిలే (బోర్డు నడిపే స్విచ్) పడ్డదని కాదు. రేడియో 10 నిమిషాలు వినపడకుంటే మోటరు తనంతట తనే బంద్ గావాలె. స్టార్టర్ పక్కన లోకల్, రిమోట్ అని తిప్పే చేతి స్విచ్ ఒకటి కచ్చితంగ పెట్టు. బాయి దగ్గర పని చేసేటోళ్లు దాన్ని లోకల్‌కు తిప్పుకొని, ఫ్యూజులు గుంజి జేబుల వేసుకొని దిగాలె.