నెల్లూరు నుంచి తిరుమలకు రాత్రి నడక: షుగర్ ఉన్న అమ్మను తీసుకెళ్లొచ్చా?

పెన్నగట్టు:
పెరటాసి మూడో శనివారానికి కొండ మీద ఉండాలని నెల్లూరు నుంచి నడవబోతున్నాం. నేను, మా బావ, మా అమ్మ. మొక్కు అమ్మదే. ఆమెకు 54, షుగర్ మాత్రలు వాడుతుంది. గూడూరు, నాయుడుపేట, కాళహస్తి, రేణిగుంట మీదుగా 130 కిలోమీటర్ల పైమాటే. ఎండకు ఆగలేం కాబట్టి రాత్రంతా నడిచి పగలు పడుకుందామని ప్లాన్. నడిచినవాళ్లు చెప్పండి. "ఆయనే చూసుకుంటాడు" అనేవాళ్లు మా ఇంట్లోనే బోలెడు మంది ఉన్నారు.

రెండుసార్లు నడిచినోడు:
రాత్రి నడక మంచిదే, రాత్రంతా మాత్రం వద్దు. మొదటిసారి మేమూ అదే చేశాం. పన్నెండు దాకా గోవింద నామాలు, జోకులు. రెండు దాటాక ఎవరూ మాట్లాడరు. కాళ్లు నడుస్తుంటాయి, మనిషి నిద్రపోతుంటాడు. నా ముందున్నతను అలాగే తెల్లగీత దాటి రోడ్డు మీదకు పోతుంటే భుజం మీద తువ్వాలు పట్టుకుని లాగాను. ఆ వేళకు లారీ డ్రైవర్ల సంగతీ అంతే. రెండోసారి సాయంత్రం ఐదు నుంచి పన్నెండు దాకా, మళ్లీ నాలుగున్నర నుంచి ఎండ ముదిరేదాకా నడిచాం. ఒక రోజు ఎక్కువ పట్టింది, పట్టనీ.

ఇంకోటి. మనవాళ్లంతా అలవాటుగా ఎడమ పక్కన నడుస్తారు, వెనక బండి కనపడదు. హైవే మీద చెన్నై నుంచి వచ్చే బండ్లు ఎదురయ్యే వైపు నడవండి. లైట్లు కళ్లల్లో కొడతాయి, కొట్టనీ. పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీ ఉంటే రోడ్డు వైపు నుంచి దాటకండి, మట్టి వైపు నుంచి టార్చి వేసుకుని దాటండి. కట్లపాము తిరిగేది రాత్రే.

గూడూరు కోడలు:
అన్నా, అమ్మ కాళ్ల సంగతి ఎవరూ అడగలేదే. మా అత్తకు షుగర్ పదేళ్లుగా ఉంది. నెల్లూరులో బయలుదేరాం, మనుబోలు వచ్చేదాకా "నాకేం నొప్పి లేదు" అంటూనే ఉంది. కూర్చోబెట్టి ఫోన్ లైట్ వేస్తే సాక్సు తడిగా ఉంది. విప్పితే మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ పగిలిపోయి, బూటులో చిన్న గులకరాయి. ఆమెకు తెలియనే లేదు! షుగర్‌తో అరికాళ్లు మొద్దుబారితే అంతే. అక్కడే ఆటో ఎక్కించాం. ఆ పుండు మానడానికి రెండు నెలలు పట్టింది.

గంటకోసారి మీరే కాళ్లు చూడండి. ఆమెను అడిగితే బాగానే ఉన్నానంటుంది. బొబ్బలో సూదీ దారం గుచ్చే వైద్యం షుగర్ ఉన్నవాళ్లకు అస్సలు వద్దు. అంత దూరం నడిస్తే షుగర్ పడిపోతుంది కూడా, మాత్రల సంగతి ముందే డాక్టర్‌ను అడగండి, జేబులో గ్లూకోజ్ పెట్టండి. ఆడవాళ్లు బాత్రూం దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు, మేమూ మానేశాం, తప్పే. పెట్రోల్ బంకు కనపడితే అవసరం లేకపోయినా ఆగండి.

స్వర్ణముఖి:
తిరుపతికి రాత్రి చేరితే ఆ ఊపులోనే మెట్లెక్కాలని చూడకండి. 2023 ఆగస్టులో చిరుత చిన్నపాపను పొట్టన పెట్టుకున్నాక నడకదారికి టైములు పెట్టారు, వెళ్లేముందు కనుక్కోండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు. అన్ని కిలోమీటర్లు నడిచిన కాళ్లకు మోకాళ్లమెట్టు చుక్కలు చూపిస్తుంది. కింద ఒక పూట పడుకోండి.

పెన్నగట్టు:
గూడూరు అక్కా, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించా. "మొక్కుకుంది నేను, కాళ్లూ నావే" అంది. అరగంట గొడవయ్యాక ఒప్పందం కుదిరింది: నేనూ బావా ఇక్కడి నుంచి నడుస్తాం, అమ్మ కాళహస్తికి బస్సులో వచ్చి అక్కడ కలుస్తుంది. అదీ డాక్టర్ సరేనంటేనే. రేడియం జాకెట్లు ఎక్కడ దొరుకుతాయి?

రెండుసార్లు నడిచినోడు:
హార్డ్‌వేర్ షాపుల్లో అడుగు తమ్ముడూ, బిల్డింగ్ పనివాళ్లు వేసుకునేవి. మూడు తీసుకో. బ్యాగు మీద నుంచి వేసుకోండి, లోపల వేసుకుంటే వెనక పట్టీ కనపడదు.