ఓడలు బళ్ళు ఎలా అవుతాయి?

"ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి" అని అందరం అంటాం. ఎలా అవుతాయని అడిగితే మాత్రం తలో మాట. కలిసొస్తే బండివాడు ఓడ కొంటాడని ఒకరు, చితికిపోతే ఓడ చెక్కలు విప్పి బండి చేసుకుంటారని ఇంకొకరు. నిన్న ఈ సామెత మీద జరిగిన చర్చలోనూ ఇదే నడిచింది. నాకు మాత్రం ఆ 'అవుతాయి' తర్వాతెప్పుడో వచ్చి చేరిందనిపిస్తుంది.

సుమతీ శతకంలో పద్యం "ఓడల బండ్లును వచ్చును" అని మొదలవుతుంది. ఓడల మీద బండ్లు వస్తాయి, బండ్ల మీద ఓడలూ వస్తాయి, కలిమిలేములూ అంతే అని భావం. ఇక్కడ ఏదీ ఇంకొకటిగా మారిపోవడం లేదు. ఇవాళ ఇది దాన్ని మోస్తుంది, రేపు అది దీన్ని మోస్తుంది. ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. వడ్రంగి ఊళ్ళో చెట్టు కింద పడవ కడితే దాన్ని రేవుకి చేర్చేది బండే. అదే బండి అవతలి ఒడ్డుకి పోవాలంటే ఎడ్లను విప్పి, చక్రాల కింద రాళ్ళో చెక్కలో పెట్టి, పడవల మీదో బల్లకట్టు మీదో దాటించాల్సిందే. పల్నాడులో మాదిపాడు దగ్గర కృష్ణ దాటేవాళ్ళకి బల్లకట్టు గురించి చెప్పక్కర్లేదు. బళ్ళ స్థానంలోకి ట్రాక్టర్లు, లారీలు వచ్చాయి, అంతే తేడా.

మనకి తికమక ఎక్కడంటే, ఓడ అనగానే విశాఖ హార్బర్‌లో ఆగిన పేద్ద షిప్పు కళ్ళ ముందుకొస్తుంది. దాన్ని ఎద్దుబండి మీద ఊహించుకోలేక 'అవుతాయి' అని సర్దుకున్నాం. పద్యంలోది ఏటి ఓడ. "ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, ఏరు దాటాక బోడి మల్లన్న" అనే సామెతలోదీ అదే. సముద్రం దాటేదాకా అనలేదు, ఏరు అన్నారు చూడండి. తమిళంలో ఓడం అంటే ఇప్పటికీ చిన్న పడవే, కన్నడంలోనూ ఈ మాట ఉంది. మనం మాత్రం ఓడని సముద్రానికి పంపించేసి, ఏటిని పడవకీ నావకీ వదిలేశాం. చీరాల దగ్గరి వాడరేవు పేరులో 'వాడ' ఈ ఓడే. ఇళ్ళుండే వాడ అనుకుంటే ఆ పేరుకి అర్థం కుదరదు.

సముద్రానికి వెళ్ళాక చుట్టూ ఉన్న మాటలన్నీ పరాయివే. లంగరు, సరంగు (ఓడ నడిపేవాడు) పారశీకం నుంచి వచ్చాయి. చుక్కాని చూసి 'చుక్కను బట్టి నడిపేది' అని మురిసిపోతాం గానీ, అరబ్బీలో పడవను తిప్పే ఆ చెక్కని సుక్కాన్ అంటారు, అదే ఇది. తెరచాప, తెడ్డు, గెడ మాత్రం మనవే. ఏటికి కావలసిన సరంజామా అంతా ఇంట్లోనే ఉంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట సంగడి. తాటిమొద్దుని లోపల తొలిచేస్తే దోనె. కొల్లేరులో తిరగడానికి ఇవే ఉండేవి. సన్నగా, గుండ్రంగా ఉంటుంది కాబట్టి అలవాటు లేనివాడు ఒక పక్కకి ఒరిగాడా, నీళ్ళలో ఉన్నట్టే. అలాంటివి రెండు పక్కపక్కన పెట్టి, అడ్డకర్రలు వేసి కట్టేస్తే ఇక బోల్తా పడదు, పైన బరువు కూడా వేసుకోవచ్చు. ఆ జంటని సంగడి అంటారు. స్నేహితుణ్ణి సంగడీడు, సంగడికాడు అనేదీ ఈ మాటతోనే. సంగడి అంటే జత, తోడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడి పుస్తకం పెరిప్లస్‌లో, ఈ తూర్పు తీరం గురించి చెబుతూ, మొద్దుల్ని జోడించి కట్టిన పెద్ద పడవల్ని 'సంగర' అన్నాడు. మన సంగడి, మలయాళం చంగాడం దీని బంధువులేనని పండితుల మాట.

ఈ పోస్టు కింద వ్యాఖ్యల్లో వచ్చిన ప్రశ్నలకి ఇక్కడే చేర్చి జవాబిస్తున్నాను.

"అంటే తెలుగువాళ్ళకి సముద్రం తెలియదంటారా?" అని ఒకరు కోప్పడ్డారు. అయ్యో, అలా ఎక్కడన్నాను! మోటుపల్లి రేవుకొచ్చే వర్తకులకి కాకతి గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డున పడ్డ ఓడల సరుకంతా లాగేసుకునేవారు, ఆయన సుంకం మాత్రమే తీసుకుంటానన్నాడు. శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడి ఓడల ప్రస్తావనలో కప్పలి, జోంగు లాంటి పేర్లొస్తాయి. కప్పలి తమిళ కప్పల్‌కి చుట్టం, జోంగు తూర్పు దేశాల జంక్ ఓడ. రేవులో ఏ ఓడ ఆగితే ఆ పేరు నోటికొచ్చేసింది. తర్వాతి కాలంలో రంగూన్‌కి కూలికి పోయినవాళ్ళు రంగం వెళ్ళారనేవాళ్ళం. బర్మాలో వాళ్ళకి పడిన పేరు కోరంగీలు, గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీద.

పుట్టి అనే గుండ్రటి పడవ సంగతి అడిగిన గద్వాల మిత్రులకి: అవును, అది మీ వైపు మాటే. వెదురుబద్దలతో బుట్టలా అల్లి, పూర్వం తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. కన్నడంలో హరిగోలు, మన నిఘంటువుల్లో అరిగోలు. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు వర్తకుడు పయస్, తుంగభద్ర మీద వీటిని చూసి, పదిహేను ఇరవై మందిని మోస్తాయనీ, తిన్నగా పోకుండా ఎప్పుడూ గిర్రున తిరుగుతుంటాయనీ రాశాడు. ఒక్క తెడ్డుతో పుట్టిని తిన్నగా నడపడం ఎంత కష్టమో ఎక్కినవాళ్ళకే తెలుసు. నాకైతే ఆ తిరుగుడికి టెన్షన్ పట్టుకుంది, పక్కాయన మాత్రం హాయిగా బీడీ వెలిగించుకున్నాడు.

లాంచీకీ బోటుకీ తేడా ఏమిటన్నారు. పాపికొండల టిక్కెట్టు కొన్నప్పుడు మా పెద్దవాళ్ళు లాంచీ అంటారు, పిల్లలు బోటు అంటారు, ఎక్కేది ఒక్కటే. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య తిరిగేదాన్ని మాత్రం ఎవరూ బోటు అనరు, అది పంటు. దాని మీద బస్సులూ కార్లూ ఎక్కించడం చూస్తే "ఓడల బండ్లును వచ్చును"కి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. మీ రేవులో బండిని దాటించేదాన్ని ఏమంటారో, రేవు పేరుతో సహా రాయండి.