మొదటి యాభై వేలు: కొత్తవాళ్ల కాన్వాసా, పేరున్నవాళ్ల ప్రింటా?

మైలాపూరు నీడ: జీతం మీద బతికేవాళ్లు యాభై వేలతో చిత్రాలు సేకరించడం మొదలుపెడితే ఈ రెండింట్లో ఏది మేలు? చెన్నైలో ఉండేవాళ్లు చెప్పండి.

గీతకారుడు: నా ఓటు ప్రింటుకే. చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌కు పేరు తెచ్చినవి ఎచింగులే కదా! ఎచింగు ప్రింటే అయినా నకలు కాదు. రాగి లేదా జింకు రేకు మీద గీసి, ఆమ్లానికి తినిపించి, సిరా పట్టించి అచ్చొత్తినది. కొనేముందు కాగితాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టండి. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కిన గుంట కనిపించాలి. కింద ఎడమవైపు పెన్సిల్‌తో 7/25 లాంటి అంకె (ఆ రేకు నుంచి తీసిన 25 ప్రతుల్లో 7 వేసినదని), కుడివైపు సంతకం. భూతద్దంలో రంగంతా చుక్కలు చుక్కలుగా ఉంటే అది ఇంక్‌జెట్టు లాంటి యంత్రపు నకలు. సంతకమున్నా సరే, ఎచింగు ధర ఇవ్వకండి. 7 కన్నా 2 మేలని కొందరు అంటగడతారు, నమ్మొద్దు. అంకెలు అచ్చొత్తిన వరుసలోనే వేయాలని లేదు.

ఇంజంబాక్కం: ఆ గుంట దొంగగా కూడా నొక్కొచ్చండీ. కొత్తవాళ్లకు వేసిన మనిషి దగ్గరే కొనడం క్షేమం. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణికర్ మొదలుపెట్టిన కళాకారుల పల్లె చోళమండలం మన ఊళ్లోనే ఉంది. జనవరిలో బెంగళూరు చిత్రకళా పరిషత్ వాళ్ల చిత్ర సంతెకు రాత్రి రైలెక్కితే, రోడ్డు పొడవునా వేసినవాళ్లే అమ్ముతుంటారు. బిల్లు మీద చిత్రం పేరు, ఏడాది, మాధ్యమం, కొలతలు అక్కడికక్కడే రాయించి సంతకం తీసుకోండి. పదేళ్ల తర్వాత రాయించడం అయ్యే పని కాదు.

పటాలపని: ఇద్దరూ కొనడం దగ్గరే ఆగారు. ఈ ఉప్పగాలిలో కాగితాన్ని చంపేది చాలాసార్లు పటం కట్టే తీరే. మామూలు కొట్టులో బొమ్మను అద్దానికి ఆనించి, వెనక సెల్లోటేపు వేసి, హార్డ్‌బోర్డు కొట్టేస్తారు. తేమకు కాగితం అద్దానికి అతుక్కుంటుంది, టేపు జిగురు పసుపెక్కి లోపలికి దిగుతుంది, తుప్పురంగు మచ్చలు లేస్తాయి. దగ్గరుండి చేయించండి: ముందూ వెనకా ఆమ్లం లేని మౌంటు బోర్డు (మందపాటి అట్ట), అద్దానికీ బొమ్మకూ మధ్య కనీసం 2 మి.మీ. ఖాళీ, పై అంచున మాత్రం రెండుచోట్ల జపాన్ కాగితం పట్టీలు, గోధుమ గంజితో. నాలుగువైపులా అంటిస్తే ఉబ్బడానికి చోటులేక కాగితం అలలు తేలుతుంది. వాన కొట్టే గోడకు తగిలించకండి. ఈ ఖర్చు ఆ యాభై వేలలోంచే తీసిపెట్టాలి.

మైలాపూరు నీడ: తర్వాత అమ్ముకోవాల్సి వస్తే?

ఇంజంబాక్కం: నగలకు లాగే చిత్రాలకూ లాభం మీద పన్నుంది. 24 నెలలు దాటాక అమ్మితే 12.5 శాతం. బిల్లు లేకపోతే కొన్న ధర ఎలా చూపిస్తారు?

గీతకారుడు: నేను ప్రింటు మేలన్నది అందుకే. అదే రేకు నుంచి తీసిన ఇంకో ప్రతి వేలంలో ఎంతకు పోయిందో వెతికితే దొరుకుతుంది. సంతెలో కొన్న కాన్వాసుకు ఆ ఆధారం ఏది?