5 అడుగుల 8 అంగుళాల వింగర్‌కి రెండో రౌండ్ పిక్ పెట్టొచ్చా?

నీలిగీత
చర్చ కోసం ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకుందాం. ఇద్దరూ కెనడా జూనియర్ ఐస్ హాకీ లీగ్ వింగర్లే, అంటే పక్కల నుంచి దాడి చేసేవాళ్లే. మొదటివాడు బూట్లు లేకుండా 5 అడుగుల 8 అంగుళాలు, 165 పౌండ్లు, 66 ఆటల్లో 84 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించిన పాస్‌లు కలిపి). రెండోవాడు 6 అడుగుల 2 అంగుళాలు, అన్నే ఆటల్లో 58 పాయింట్లు. ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికా పెద్ద ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే చోట, మన చేతిలో ఉన్నది 45వ పిక్. నేనైతే పొట్టివాణ్నే తీసుకుంటాను. ఎత్తు సాకుతో జట్లు వదిలేసినవాళ్లను చూడండి: అలెక్స్ డెబ్రింకట్ 2016లో 39వ పిక్ దాకా ఆగాడు. బ్రేడెన్ పాయింట్ 2014లో 79, జానీ గోద్రో 2011లో 104. మార్టిన్ సెంట్ లూయీని డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఆయన రెండుసార్లు లీగ్ మొత్తంలో ఎక్కువ పాయింట్లు కొట్టాడు. పైగా 2005-06 నుంచి హుకింగ్ (కర్రతో లాగడం), హోల్డింగ్ (చేత్తో పట్టుకోవడం), అడ్డుపడటం మీద రెఫరీలు గట్టిగా పెనాల్టీలు ఇస్తున్నారు. పక్ (ఆడే రబ్బరు బిళ్ల) లేనివాణ్ని పట్టుకుని ఆపే రోజులు పోయాయి. ఇంకా పాత కొలబద్దతోనే కొలవడం ఏం న్యాయం?

గోడమూల
నీలిగీత గారూ, మీరు గెలిచినవాళ్లనే లెక్కపెట్టారు. ఒక్కో డ్రాఫ్ట్‌లో 7 రౌండ్లు, 32 జట్లు, మొత్తం 224 పిక్‌లు. పొట్టివాళ్లలో లీగ్ దాకా చేరనివాళ్ల పేర్లు మనకు గుర్తుండవు. పొడుగువాళ్లలో చేరనివాళ్లవీ గుర్తుండవనుకోండి, అది వేరే మాట.

నా అసలు అభ్యంతరం ఎత్తు మీద కాదు, ఆ కుర్రాడికి మిగిలే చోటు మీద. పొడుగు వింగర్ గోల్స్ కొట్టలేకపోయినా నాలుగో లైన్‌లో (తక్కువ సేపు ఆడే ముగ్గురు ఫార్వర్డ్‌ల గుంపులో) ఆడతాడు, పెనాల్టీ కిల్‌లో (మనవైపు ఒకడు పెనాల్టీకి బయటున్నప్పుడు) షాట్లకు అడ్డుపడతాడు, గోలీ ముందు నిలబడతాడు. పొట్టి వింగర్ మొదటి రెండు లైన్లలోకి రాకపోతే చాలామంది కోచ్‌లు అతన్ని ఆడించరు. ఒకడికి లీగ్‌లోకి మూడు దారులున్నాయి, రెండోవాడికి ఒకటే. 45వ పిక్ పెట్టేటప్పుడు ఈ తేడాకి విలువ కట్టాలి.

పక్‌చూపు
84, 58 అనే అంకెలతో ఏమీ తేలదు. వాటిలో పవర్ ప్లే (ఎదుటి జట్టులో ఒకడు పెనాల్టీకి బయటున్నప్పటి ఆట) పాయింట్లెన్ని? పుట్టిన తేదీలేమిటి? ఆటకి అయిదుగురితో అయిదుగురు ఆడే నిమిషాలెన్ని? ఈ మూడూ చెప్పండి.

నీలిగీత
సరే, చర్చ కష్టంగా ఉండేలాగే ఇస్తాను. పొట్టివాడికి పవర్ ప్లేలో 36, పొడుగువాడికి 10. పొట్టివాడు అక్టోబర్ 2న పుట్టాడు, పొడుగువాడు ఆ మరుసటి ఏడాది సెప్టెంబర్ 5న. అయిదుగురితో అయిదుగురు ఆడే సమయం పొట్టివాడికి ఆటకి 13 నిమిషాలు, పొడుగువాడికి 16.

పక్‌చూపు
ఇప్పుడు లెక్క తీద్దాం. పవర్ ప్లే తీసేస్తే ఇద్దరికీ 48 పాయింట్లే. అంటే ఆ 26 పాయింట్ల తేడా అంతా పవర్ ప్లేదే. సెప్టెంబర్ 15 నాటికి 18 నిండాలన్నది డ్రాఫ్ట్ నియమం. కాబట్టి పొట్టివాడు ఇదే డ్రాఫ్ట్‌లో 11 నెలలు పెద్ద. ఆ వయసులో 11 నెలలంటే కాళ్లలో బలం, ఆటలో అనుభవం రెండూ పెరిగే కాలం. ఇంతవరకూ పొడుగువాడిదే పైచేయి.

అయితే నిమిషాలు చూడండి. పొట్టివాడివి 13 చొప్పున 66 ఆటలకి 858 నిమిషాలు, అంటే 60 నిమిషాలకి దాదాపు 3.4 పాయింట్లు. పొడుగువాడు 1,056 నిమిషాలకి 2.7. పొట్టివాడు తక్కువ సమయంలో అంతే పని చేశాడన్నమాట. ఆ 13 నిమిషాలూ కోచ్ ఎవరి మీద ఆడించాడన్నది అంకెల్లో దొరకదు, టేపులో వెతకాల్సిందే.

మూడో పీరియడ్
ఆ మాట దగ్గరే ఆగుదాం. సొంత రింక్‌లో ఆట ఆగినప్పుడల్లా ఆటగాళ్లను ఆఖరున మార్చుకునే వీలు ఆతిథ్య జట్టు కోచ్‌ది. తన పొట్టి వింగర్‌ని ఎదుటివాళ్ల పెద్ద డిఫెన్స్ జోడీ నుంచి తప్పించి, మూడో జోడీ మీదకి పంపగలడు. పరాయి ఊళ్లో ఆ వీలుండదు. అందుకే కనీసం ఎనిమిది ఆటలు చూడాలి, అందులో అయిదు బయటి ఆటలు ఉండాలి. వరసగా రెండు రోజులు ఆడిన చోట రెండో రోజుది ఒకటి, లీగ్‌లో బరువైన డిఫెన్స్ ఉన్న జట్టుతో రెండు తప్పనిసరి. ఒక ఆట మొత్తం పక్‌ని వదిలేసి ఆ కుర్రాణ్నే చూడండి.

దేనికోసం చూడాలంటే, మూలకి పోయిన పక్ కోసం. పొట్టివాడి భవిష్యత్తు ఎక్కువగా అక్కడే తెలుస్తుంది. పక్ వైపు పోతూ భుజం మీదుగా వెనక్కి రెండుసార్లు చూడాలి: దూరంగా ఉన్నప్పుడొకసారి, తాకబోయే ముందింకోసారి. మొదటి చూపులో ఎవడొస్తున్నాడో తెలుస్తుంది, రెండో చూపులో ఏ భుజం వైపు వస్తున్నాడో తెలుస్తుంది. పక్ దగ్గరికి నేరుగా కాకుండా వంపుగా రావాలి. మోకాళ్లు బాగా వంచి, దెబ్బ పడకముందే తన తుంటిని ఎదుటివాడి తొడకి ఆనించాలి. తనే ముందు ఆనుకుంటే ఎదుటివాడు వేగం అందుకోలేడు, గుద్దడానికి జాగా ఉండదు. ఆ ఆనిక మీదే ఒత్తిడి లేని వైపుకి తిరిగి బయటపడాలి.

చెడేది ఇలా. కుర్రాడు ఛాతీని రింక్ గోడ (బోర్డుల) వైపు పెట్టి, రెండు పాదాలూ సమంగా నిలిపి, బోర్డులకి మూడు నాలుగు అడుగుల దూరంలో ఆగిపోతాడు. బోర్డుకి అతుక్కుని ఉంటే దెబ్బ బోర్డు మీదికి పోతుంది. ఆ నాలుగు అడుగుల ఖాళీలో తగిలితే మనిషే ఎగిరి బోర్డుకి కొట్టుకుంటాడు. భుజాలూ మెడా దెబ్బతినేది అక్కడే. జూనియర్‌లో దీన్ని వేగంతో తప్పించుకోవచ్చు, పైస్థాయి డిఫెన్స్‌మన్ దగ్గర ఆ అరసెకను దొరకదు.

గోడమూల
ఇది ఒప్పుకుంటాను. దీనికి షాట్లు ఎక్కడివో కూడా కలపాలి. రింక్ బొమ్మ ఉన్న కాగితం మీద ప్రతి షాటూ గుర్తు పెట్టండి. ఫేసాఫ్ చుక్కల (పక్ వేసి ఆట మొదలుపెట్టే గుర్తుల) మధ్య నుంచి గోలీ ముందు దాకా ఉన్న జాగాలోకి అయిదుగురితో అయిదుగురు ఆడేటప్పుడు అతను ఎన్నిసార్లు వెళ్తున్నాడు? ఆ చుక్క చుట్టూ ఉన్న సర్కిల్ అంచు నుంచి పవర్ ప్లేలో కొట్టిన గోల్స్ వేరే రంగులో వేయండి. పవర్ ప్లే మొదటి యూనిట్‌లో అయిదు చోట్లే ఉంటాయి. అక్కడ అతనికి చోటు దొరక్కపోతే ఆ 36 పాయింట్లు రావు.

స్కేటుపదును
స్కేటింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? పొట్టివాడు తప్పకుండా వేగంగా ఉండాలనేది సగం నిజమే. బ్రేడెన్ పాయింట్‌కి డ్రాఫ్ట్ ఏడాదిలో ఎత్తుతో పాటు స్కేటింగ్ మీద కూడా అనుమానాలుండేవి. తర్వాత తన జట్టు టాంపాలో స్కేటింగ్ కోచ్ బార్బ్ అండర్‌హిల్‌తో అది సరిదిద్దుకున్నాడు. కాబట్టి ‘వేగం లేదు’ అని రాసి వదిలేయకండి, ఎందుకు లేదో రాయండి. మొదటి మూడు అడుగుల్లో మోకాలు వంగడం లేదా, వెనక కాలు పూర్తిగా చాచక ముందే ఎత్తేస్తున్నాడా, నడుం పైభాగం పక్కలకి ఊగుతోందా? ఇవి నేర్పితే మారతాయి. మడమ బిగుసుకుపోయి వంగకపోతే మాత్రం మార్చడం కష్టం.

శరీరం సంగతి. జట్టు పుస్తకంలో రాసిన ఎత్తు నమ్మకండి. జూన్‌లో బఫెలో కంబైన్‌లో (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి జరిపే శరీర పరీక్షల్లో) తీసిన కొలతే లెక్క. అక్కడే చేతుల చాపు కూడా కొలుస్తారు. ఎత్తు తక్కువైనా చాపు పొడుగుంటే పక్ దాచుకునే జాగా పెరుగుతుంది. తొడలు, పిరుదులు ఇంకా నిండనివాడైతే 12 పౌండ్లు పెరగడానికి చోటుంది. 17 ఏళ్లకే పూర్తిగా బలిసినవాడైతే జూనియర్‌లో కొట్టినవి ఆ బలంతో కొట్టినవేమో చూడాలి. ఎదుగుదల మిగిలుందా అన్నది డాక్టర్‌నే అడగాలి. పొట్టి డిఫెన్స్‌మన్ లేన్ హట్సన్ 2022లో తన ఎముకల వయసు గురించి డాక్టర్ రాసిచ్చిన ఉత్తరాన్ని జట్లకి ఇచ్చాడు. అయినా 62వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. 2024-25లో 66 పాయింట్లతో కాల్డర్ ట్రోఫీ (ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చేది) గెలిచాడు.

నీలిగీత
పక్కనాడేవాళ్ల సంగతీ ఉంది. జూనియర్ జట్టు ఈరీలో డెబ్రింకట్ మొదటి ఏడాది 51 గోల్స్ కొడితే, మేటి ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్ ఉన్న జట్టు కదా అన్నారు. మెక్‌డేవిడ్ వెళ్లిపోయాక మళ్లీ 51 కొట్టాడు. ఆ రెండో ఏడాది చూశాక కూడా 38 పిక్‌లు అతన్ని దాటి వెళ్లాయి. ఆ జవాబు కళ్లముందే ఉంది, చదవలేదు.

గోడమూల
ప్లేఆఫ్‌ల్లో పొట్టివాళ్లు నలిగిపోతారన్న వాదనని నేను ఇక్కడ వాడను. బ్రేడెన్ పాయింట్ 2020లో, 2021లో స్టాన్లీ కప్ (లీగ్ టైటిల్) గెలిచిన రెండు ప్లేఆఫ్‌ల్లోనూ 14 గోల్స్ చొప్పున కొట్టాడు. నా షరతు ఒక్కటే. బయటి ఆటల్లో మూల నుంచి పక్‌తో బయటపడటం, చుక్కల మధ్యకి వెళ్లడం రెండూ కనిపిస్తే 45కి తీసుకోండి, అభ్యంతరం లేదు. మొదటిది ఉండి రెండోది లేకపోతే మూడో రౌండ్. రెండూ లేకపోతే 84 కాదు, 110 కొట్టినా నేను తీసుకోను.

పక్‌చూపు
ఆ 11 నెలల వయసు తేడా నాకింకా అడ్డమే. పొట్టివాడి అంతకు ముందు సీజన్ టేపులు కూడా తెప్పించండి. పొడుగువాడు ఇప్పుడున్న వయసులో ఇతను ఎలా ఆడాడో అందులో ఉంటుంది. పోల్చాల్సింది ఆ ఏడాదిని.