కాలనీ రోడ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసిన, రూట్ మాత్రం రావట్లే, ఎవరన్నా చూస్తారా?

బోడుప్పల్_తమ్ముడు:
అందరికీ నమస్తే. మాది బోడుప్పల్, వరంగల్ హైవే మీంచి లోపలికొస్తే కొత్తగ లేచిన కాలనీలు ఉన్నయి కద, ఆ సైడు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ల (ఎవరైనా ఎడిట్ చేయగల ఫ్రీ మ్యాప్) చూస్తే మెయిన్ రోడ్డు తప్ప లోపలంతా ఖాళీగనే ఉండె, అందుకని అకౌంట్ చేసుకొని బ్రౌజర్‌లనే ఎడిట్ నొక్కి శాటిలైట్ ఫోటో మీద మా గల్లీలన్నీ గీసిన, సేవ్ అయింది, వెబ్‌సైట్‌ల కనబడుతున్నయి కూడ. కానీ రూట్ అడిగితే మా ఇంటి దాంక రాదు, హైవే మీదనే ఆగిపోతుంది. ఫోన్‌ల ఈ మ్యాప్ చూపించే ఆస్మ్‌యాండ్ యాప్‌ల అయితే అసలు రోడ్లే లేవు. ఇంకోటి, గల్లీల పేర్లు నాకు అన్నీ తెల్వయి, గూగుల్ మ్యాప్స్ చూసి రాసుకోవచ్చా? మా అమ్మకు మందులు తెచ్చే పిల్లగాడు వచ్చినప్పుడల్లా హైవే మీద నిలబడి ఫోన్ చేస్తడు, అందుకే సరిగ్గ చేద్దామని ఉంది.

మ్యాప్_అక్క:
తమ్ముడూ, నీ ఎడిట్ తెరిచి చూశాను, రోడ్లు చక్కగా గీశావు. రూట్ రాకపోవడానికి కారణం కాలనీ మొదట్లోనే ఉంది. నీ రోడ్డు హైవేని తాకినట్టే కనిపిస్తుంది గానీ తాకలేదు, బాగా జూమ్ చేస్తే రెండింటి మధ్య సందు కనబడుతుంది. మన కంటికి గీత గీతకి తగిలితే కలిసినట్టే, కానీ రూట్ లెక్కేసే సాఫ్ట్‌వేర్‌కి రెండు గీతలకీ ఒక చుక్క ఉమ్మడిగా ఉంటేనే ఇటు నుంచి అటు తిరగొచ్చని తెలుస్తుంది. ఆ చుక్కనే నోడ్ అంటారు. నీ రోడ్డు చివరి నోడ్‌ని లాక్కెళ్లి హైవే గీత మీద వదిలితే అదే అతుక్కుంటుంది, అతుక్కున్నాక చుక్క బూడిద రంగులో కనిపిస్తుంది. లోపల గల్లీలు కలిసే చోట్ల కూడా ఇట్లాగే చూసుకో. సేవ్ చేసే ముందు పక్కన ఇష్యూస్ ప్యానెల్ తెరువు, దగ్గరగా వచ్చి కలవని రోడ్లని అదే చూపిస్తుంది, చాలామంది దాన్ని పట్టించుకోకుండా సేవ్ కొట్టేస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, హైవేకి మధ్యలో డివైడర్ ఉంది కాబట్టి మ్యాప్‌లో అది రెండు వేరు వేరు వన్‌వే గీతలు. నీ కాలనీ రోడ్డుని నీ వైపు గీతకే కలుపు, దాటించి అవతలి గీత దాకా లాగొద్దు. అక్కడ నిజంగా డివైడర్‌కి కట్ ఉంటేనే రెండు గీతల్నీ కలుపుతూ చిన్న ముక్క గీయాలి. మన సిటీలో ఎన్నో చౌరస్తాలు మూసేసి ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమంటున్నారు కదా, మ్యాప్‌లో పాత కట్ అట్లాగే ఉండిపోతే బండి మీద వచ్చినవాడు డివైడర్ ముందు నిలబడతాడు, లేదంటే రాంగ్ రూట్‌లో వస్తాడు, అది ప్రాణాలతో పని. అందుకే కట్ ఉందా మూశారా అన్నది ఫోటోలో చూసి నమ్మకు, ఆ ఫోటో ఎప్పుడు తీసిందో, వెళ్లి చూసి రా.

ఫోన్‌లో రోడ్లు లేకపోవడం నీ తప్పు కాదు. వెబ్‌సైట్‌లో మార్పులు నిమిషాల్లో కనిపిస్తాయి, రూట్ చూపించే సర్వర్లకి చేరడానికి ఇంకొంచెం టైమ్ పడుతుంది. ఆస్మ్‌యాండ్‌లో నువ్వు డౌన్‌లోడ్ చేసుకున్నది పాత మ్యాప్ ఫైలు, కొత్తది మామూలుగా నెలకోసారి వస్తుంది, వచ్చాక అప్‌డేట్ కొట్టు. ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ వాడేవాళ్లకీ అంతే, ఆగాల్సిందే.

లెక్కల_సార్:
పేర్ల సంగతి నేను చెప్తా. గూగుల్ మ్యాప్స్ చూసి రాయొద్దు బాబూ, ఒక్క గల్లీ పేరు కూడా వద్దు, వాళ్ల స్ట్రీట్ వ్యూలో కనిపించే బోర్డు చూసి కూడా వద్దు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో మొదలైందే ఎవరైనా దేనికైనా వాడుకోగల మ్యాప్ ఒకటి ఉండాలని, 2012 నుంచి దాని డేటా ఓపెన్ డేటాబేస్ లైసెన్స్ కింద ఉంది. బయటి కంపెనీ డేటా ఇందులో కలిపితే ఆ లైసెన్స్‌కే ఎసరు, తర్వాత ఎవరో కూర్చొని నీ పనంతా తీసేయాల్సి వస్తుంది. ఎడిటర్‌లో బ్యాక్‌గ్రౌండ్ లిస్టులో ఉన్న బింగ్ లాంటి ఫోటోలకి గీసుకోవడానికి పర్మిషన్ ఉంది, అవి వాడుకో. పేర్లకైతే గల్లీ మొదట్లో పెట్టిన బోర్డు, కమాన్ మీద రాసింది, బస్తీలో పెద్దవాళ్లు చెప్పింది, ఇవే నిఖార్సైన ఆధారాలు. బోర్డు ఫోటో నీ ఫోన్‌తో నువ్వు తీసుకుంటే చాలు.

పేరు పెట్టేటప్పుడు ఇంగ్లీష్‌ది మామూలు పేరు గడిలో, తెలుగుది పక్కన ప్లస్ గుర్తు నొక్కితే వచ్చే భాషల గడిలో తెలుగు ఎంచుకొని రాయి. పాతబస్తీలో అయితే బోర్డు మీద ఉర్దూ కూడా ఉంటుంది, అదీ ఎక్కించాలి, మన ఊరి మ్యాప్ మన మూడు భాషల్లోనూ కనబడాలి అని నా పట్టుదల. అసలు పేరే లేని గల్లీకి మాత్రం 'ట్యాంక్ పక్క సందు' అని పేరు తగిలించకు, పేరు గడి ఖాళీగా వదిలెయ్, ఆ నీళ్ల ట్యాంకుని, గుడిని, మసీదుని, కిరాణా షాపుని విడివిడిగా పెట్టు. ఇక్కడ అడ్రస్ అడిగితే అందరూ చెప్పేది వాటితోనే కదా. ఇంటి నంబర్లు గేటు మీద ఎట్లా ఉంటే అట్లా, అడ్డగీతలతో సహా రాయి, ఇంట్లో ఉండేవాళ్ల పేర్లు మాత్రం అస్సలు వద్దు.

బోడుప్పల్_తమ్ముడు:
అక్కా, సార్, మస్తు థ్యాంక్స్. నోడ్ కలిపిన, నా వైపు గీతకే. ఇంకో డౌట్, మా వెనక ఒక వెంచర్ ఉంది, వాళ్ల బ్రోచర్‌ల నలభై ఫీట్ల రోడ్లు, పార్కు అన్నీ ఉన్నయి, అవి కూడ గీయాల్నా? మళ్ల మా పక్క కాలనీ వాళ్లు రాత్రి పదింటికి గేటుకు తాళం పెడ్తరు, పొద్దున ఆరింటికి తీస్తరు, దాన్ని ఎట్ల చూపియ్యాలె?

మ్యాప్_అక్క:
బ్రోచర్‌ది గీయకు. నేల మీద ఏముందో అదే మ్యాప్‌లో ఉండాలి. మట్టి రోడ్డు వేసి బండ్లు తిరుగుతుంటే గీసి, సర్ఫేస్ దగ్గర మట్టి అని పెట్టు. హద్దురాళ్లు పాతి కంప పెరిగిన చోట రోడ్డు గీస్తే రాత్రిపూట అంబులెన్స్ అందులోకి పోతుంది. పార్కు అని వదిలిన జాగాలో పార్కు లేకపోతే అదీ వద్దు. బ్రోచర్ కూడా ఒకరు గీయించుకున్నదే, దానికీ కాపీరైట్ ఉంటుంది.

గేటుకి రోడ్డు గీత మీదే, గేటు ఉన్న చోట ఒక నోడ్ పెట్టి గేట్ అని ఎంచుకో. పక్కన విడిగా పెడితే పనిచేయదు, గీతలో భాగంగా ఉండాలి. తర్వాత కింద ట్యాగ్స్ (వివరాలు రాసే వరుసలు) అని ఉన్న చోట కొత్త వరుస తీసి ఎడమ పక్క యాక్సెస్, కోలన్, కండిషనల్ అని, కుడి పక్క నో @ (22:00-06:00) అని ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చెయ్, అంటే రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా దారి లేదని. అన్ని యాప్‌లూ దీన్ని చదవవు, అయినా సమాచారం అక్కడ ఉంటే రేపు చదివేవి వస్తాయి. సెక్యూరిటీ వాళ్లు బయటివాళ్లని పంపని గేటెడ్ కమ్యూనిటీ అయితే లోపలి రోడ్లకి యాక్సెస్ ప్రైవేట్ అని పెట్టాలి, లేకపోతే అందరికీ అదే షార్ట్‌కట్ చూపిస్తుంది.

అత్తాపూర్_రైడర్:
మధ్యలో దూరుతున్న, ఏమనుకోకండి. నేను మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ కింద రోజూ తిరుగుత. అది 11.6 కిలోమీటర్లు, ఎక్కడానికి దిగడానికి ర్యాంపులు కొన్నే. అదంతా బాగనే ఉంది గాని కింద షాపులోళ్ల అడ్రస్‌లన్నీ పిల్లర్ నంబర్లే, 'ఫలానా పిల్లర్ ఎదురుంగ' అంటరు, ఇంక వేరే అడ్రస్సే ఉండదు. పిల్లర్లు మ్యాప్‌ల పెట్టొచ్చా? రెండోది, నేను కింద ఒక క్రాస్ రోడ్డు గీస్తుంటే అది పైన ఫ్లైఓవర్‌కి అతుక్కుంటున్నది.

మ్యాప్_అక్క:
పిల్లర్లు పెట్టొచ్చు అన్నా, పెట్టాలి కూడా, మన సిటీలో అది నిజంగా పనికొచ్చే పని. ఒక్కో పిల్లర్‌కి ఒక పాయింట్ పెట్టి, ట్యాగ్స్‌లో బ్రిడ్జ్, కోలన్, సపోర్ట్ అని ఎడమ పక్క, పియర్ అని కుడి పక్క రాసి, పిల్లర్ మీద పెయింట్‌తో రాసిన నంబర్‌ని రెఫ్ (నంబర్ రాసే ట్యాగ్) దగ్గర ఎక్కించు. మెట్రో పిల్లర్లకీ ఇదే పద్ధతి. శాటిలైట్‌లో పిల్లర్ కనబడదు, పైన డెక్ కప్పేస్తుంది, కాబట్టి కింద నడుస్తూ ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాల్సిందే. డెక్ కింద జీపీఎస్ కూడా పక్కకి గెంతుతుంది, అందుకని ఏ పిల్లర్ ఏ షాపుకి ఎదురుగా ఉందో ఫోటో తీసుకుంటే ఇంటికొచ్చాక సరిచేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ అయితే స్ట్రీట్‌కంప్లీట్ యాప్‌లో నోట్ వదలొచ్చు, షాపులు ఎక్కించడానికి ఎవ్రీ డోర్ యాప్ బాగుంటుంది, అది ఐఫోన్‌లోనూ ఉంది.

ఫ్లైఓవర్‌కి అతుక్కోవడం ఆపాలంటే గీసేటప్పుడు ఆల్ట్ కీ నొక్కి పట్టుకో. అప్పటికే అతుక్కుంటే ఆ నోడ్ మీద రైట్‌క్లిక్ చేసి డిస్‌కనెక్ట్ కొట్టు. పైదానికి బ్రిడ్జ్, లేయర్ 1 (కిందిదాని కంటే పైన ఉందని చెప్పే ట్యాగ్) ఉన్నాయో లేదో చూడు. ర్యాంపు నిజంగా కలిసే చోట తప్ప ఎక్కడా పైదానికి కిందిదానికి ఉమ్మడి నోడ్ ఉండకూడదు, ఉంటే కింద సిగ్నల్ దగ్గర ఉన్న బండిని లెఫ్ట్ తిరిగి ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కమంటుంది.

లెక్కల_సార్:
ఒక్కటి కలుపుతా. శాటిలైట్ ఫోటో కొన్ని చోట్ల కాస్త పక్కకి జరిగి ఉంటుంది. గీసే ముందు మ్యాప్ డేటాలో జీపీఎస్ ట్రేస్‌లు (జనం ఫోన్లతో తిరిగిన దారుల గీతలు) ఆన్ చేసి, నలుగురైదుగురి ట్రేస్‌లు రోడ్డు మధ్యలోంచి పోతున్నాయో లేదో చూడండి, పోకపోతే బ్యాక్‌గ్రౌండ్‌నే జరుపుకోండి, ముందే ఉన్న రోడ్లని జరపొద్దు. అపార్ట్‌మెంట్లు ఫోటోలో వాలినట్టు కనిపిస్తాయి, పైకప్పు కాదు, నేలని తాకే అంచు గీయండి. సేవ్ చేసేటప్పుడు కామెంట్‌లో 'అప్‌డేట్' అని ఒక్క ముక్క పడేయకండి, ఎక్కడ ఏం చేశారో, వెళ్లి చూశారా ఫోటో మీద గీశారా అని రాయండి, మీ తర్వాత వచ్చేవాళ్లకి అదే దిక్కు.

బోడుప్పల్_తమ్ముడు:
రూట్ వచ్చింది అక్కా, ఇంటి గేటు దాంక! గేటు టైమింగ్ కూడ పెట్టిన. హైవే కట్ మాత్రం పోయి చూసొస్త, మా దగ్గరి పెట్రోల్ బంకు ముందర మొన్ననే రాళ్లు అడ్డం పెట్టినట్టున్నరు. ఒకవేళ రాళ్లే ఉండి డివైడర్ పూర్తిగ కట్టకపోతే ఏం చేయాలె?

మ్యాప్_అక్క:
రాళ్లు పెట్టి బండ్లు పోకుండా ఆపితే ఆ కట్ ముక్క తీసేయకు, ముక్కకి యాక్సెస్ నో పెట్టి, ఏ తేదీన చూశావో నోట్ గడిలో రాయి. రేపు తెరిస్తే ఒక్క ట్యాగ్ మారిస్తే సరిపోతుంది. నడిచేవాళ్లు దాటుతుంటే ఫుట్ యెస్ అని కూడా కలుపు.