వెంగెన్‌లో స్కీ సెలవులు: కార్లు లేని కొండ ఊరికి పిల్లలతో, అమ్మతో వెళ్ళడం ఎలా?

ప్రశ్న (రెడింగ్, ఇంగ్లండ్ నుంచి):

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవుల్లో పిల్లల్ని స్కీయింగ్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. బాబుకి పదేళ్ళు, పాపకి ఆరు. మా ఆయనకీ నాకూ స్కీయింగ్ అసలు రాదు. ఆ టైంకి రాజమండ్రి నుంచి మా అమ్మ కూడా మా దగ్గరే ఉంటుంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. స్విట్జర్లాండ్‌లో వెంగెన్ అనే ఊళ్ళో కార్లు తిరగవని, పిల్లలున్నవాళ్ళకి బాగుంటుందని విన్నాం. కారు లేకుండా ఇంత సామానుతో ఎలా చేరాలి? అమ్మకి అక్కడ ఎలా పొద్దుపోతుంది? మా అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

మీకు వెంగెన్ బాగా సరిపోతుందండి. అయితే హోటల్ ఫొటోలు చూసి మురిసిపోయే ముందు వీసా సంగతి చూసుకోండి. యూకేలో ఉంటున్నా, ఇండియన్ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. హాఫ్ టర్మ్ అంటే అందరూ ఒకేసారి పడతారు, అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి. 30,000 యూరోలకి తగ్గని మెడికల్ ఇన్సూరెన్స్ చూపించాలి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి.

మీ అమ్మగారి వీసా మాత్రం ఇండియాలోనే తీసుకోమనండి. షెంగెన్ వీసాకి మామూలుగా తాము నివసించే దేశంలోనే అప్లై చేయాలి. విజిటర్ వీసా మీద మీ దగ్గరికి వచ్చాక ఇంగ్లండ్‌లో ప్రయత్నిస్తే తీసుకోకపోవచ్చు. ఆవిడ బయల్దేరే ముందే పాస్‌పోర్టులో రెండు వీసాలూ ఉంటే మీకు టెన్షన్ ఉండదు.

ఇక దారి. వెంగెన్ 1,274 మీటర్ల ఎత్తున, లౌటర్‌బ్రున్నెన్ లోయ పైన కొండ అంచున ఉంటుంది. కింద నుంచి మన కార్లు వెళ్ళే రోడ్డు లేదు. 1893 నుంచీ పళ్ళ చక్రం మీద నడిచే చిన్న కొండ రైలే ఆధారం. జ్యూరిక్‌లో దిగితే ఎయిర్‌పోర్టు కిందే రైల్వే స్టేషన్. అక్కణ్ణుంచి బెర్న్ మీదుగా ఇంటర్‌లాకెన్ ఓస్ట్, అక్కడ మారి లౌటర్‌బ్రున్నెన్, మళ్ళీ మారి వెంగెన్. మొత్తం మూడు గంటలు అటూ ఇటూ. జెనీవా నుంచి ఇంకాస్త ఎక్కువ. విమానం సాయంత్రం దిగేదైతే, రైల్వే వాళ్ళ యాప్‌లో ఆ రోజు చివరి కనెక్షన్ ఎన్నింటికో చూసుకున్నాకే టికెట్ కొనండి. కారు అద్దెకి తీసుకున్నా లౌటర్‌బ్రున్నెన్ పార్కింగ్‌లో వదిలేసి రైలెక్కాల్సిందే. రోజూ పార్కింగ్ డబ్బులు కట్టడం తప్ప ఆ కారుతో పనేమీ ఉండదు.

రైళ్ళు మారడం పెద్ద కష్టం కాదు. అసలు చూసుకోవాల్సింది స్టేషన్లో దిగాక చివరి అయిదు వందల మీటర్లు. ఊరు వాలు మీద ఉంది. మ్యాపులో ‘స్టేషన్‌కి ఆరు నిమిషాలు’ అని ఉన్న ఇల్లు, మంచు మీద ఎగువకి ఆరు నిమిషాలైతే మీ అమ్మగారికి చాలా దూరం. మెత్తటి మంచులో సూట్‌కేసు చక్రాలు తిరగవు, ఈడ్చుకెళ్ళాలి. అందుకని గది ఖాయం చేసే ముందు మూడు విషయాలు ఉత్తరం రాసి అడగండి: స్టేషన్ నుంచి ఇంటికి ఎక్కుడా దిగుడా, గుమ్మం దాకా మెట్లెన్ని, ఎలక్ట్రిక్ బండి పంపిస్తారా. చాలా హోటళ్ళు బండి పంపిస్తాయి, మీరొచ్చే రైలు టైం ముందుగా చెప్పాలంతే. అపార్ట్‌మెంట్లకి ఆ సదుపాయం అన్నిచోట్లా ఉండదు గానీ, ఊళ్ళో ఎలక్ట్రిక్ టాక్సీలు ఉంటాయి. కార్లు లేవు కదా అని పాపని రోడ్డు మీద పూర్తిగా వదిలేయకండి, ఈ బండ్లు చప్పుడు లేకుండా వెనకాలే వచ్చేస్తాయి.

పిల్లలు నేర్చుకునే చిన్న వాలు ఊరి మధ్యలోనే ఉంది. వెంగెన్‌ని నేను ఇష్టపడేది అందుకే. లోయకి అవతలి వైపున్న మ్యూరెన్ అనే ఊరు ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, అక్కడా కార్లు లేవు. కానీ అక్కడి వాలులు నిటారుగా ఉంటాయి, కొత్తవాళ్ళకి వెంగెనే నయం.

మళ్ళీ ప్రశ్న:

చాలా థాంక్సండి. వీసా విషయం అసలు ఆలోచించలేదు, అమ్మకి ఈ రోజే చెప్తాను. స్కీలు, బట్టలు ఇక్కడే కొనాలా? కొండెక్కించే లిఫ్టుల పాస్ మొదటి రోజు నుంచే తీసుకోవాలా?

జవాబు:

స్కీలు, బూట్లు, హెల్మెట్ అక్కడే అద్దెకి తీసుకోండి. ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటే మంచిది. అందరి ఎత్తు, బరువు, చెప్పుల సైజు రాసిపెట్టుకోండి. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిరావాలి, ఆ బిగింపుని వీటిని బట్టే సరిచేస్తారు. బరువు తగ్గించి చెప్పకండి. రాత్రి స్కీలు షాపులోనే వదిలే వీలుందేమో కూడా అడగండి, రోజూ మోసే బాధ తప్పుతుంది.

బూటు దగ్గర మొహమాటపడొద్దు. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందుకి కాస్త తగలాలి. మోకాళ్ళు వంచి ముందుకి వాలితే మడమ కదలకుండా వేళ్ళు వెనక్కి రావాలి. చలికని రెండు జతల మేజోళ్ళు తొడిగితే మడతలు పడి పిక్క ఒరుసుకుపోతుంది, రక్తం ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే స్కీ మేజోళ్ళు ఒక్క జత చాలు. లోపలి థర్మల్ ప్యాంటు కూడా బూటులోకి దోపకూడదు. పాప ‘నొప్పి’ అంటే సర్దిచెప్పకుండా వెంటనే షాపుకి తీసుకెళ్ళి మార్పించండి. పిల్లలు స్కీయింగ్ వద్దని మొండికేసేది ఎక్కువగా బూటు వల్లే.

బట్టలు, గాగుల్స్, నీళ్ళు దిగని గ్లవ్స్ మీ ఊళ్ళో డెకాత్లాన్‌లో కొనేయండి. సన్‌స్క్రీన్ మరిచిపోవద్దు, మంచు మీద ఎండ రెట్టింపుగా కొడుతుంది.

మొత్తం ప్రాంతానికి పాస్ మొదటి రోజే కొనకండి. నేర్చుకునే చోటి లిఫ్టుకి మాత్రమే టికెట్ ఇస్తారేమో స్కీ స్కూల్ వాళ్ళని అడగండి. మీరిద్దరూ కూడా క్లాసులో చేరండి, తెలిసినవాళ్ళు పక్కనుండి నేర్పించే పని కాదిది. బాలెన్స్ వచ్చాక కేబుల్ కారులో ఊరి పైనున్న మెన్లిఖెన్ కొండకి వెళ్తే అక్కడ వెడల్పాటి నీలం దారులు ఉన్నాయి. స్విట్జర్లాండ్‌లో నీలం తేలిక, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. తిరిగి ఊళ్ళోకి దిగేటప్పుడు ధైర్యం చాలకపోతే కేబుల్ కారులోనే వచ్చేయండి. పొరపాటున కొండకి అవతలున్న గ్రిండెల్‌వాల్డ్ ఊరి వైపు దిగిపోతే, కొండ మీది క్లైనె షైడెగ్ స్టేషన్ మీదుగా రైల్లో తిరిగి రావాలి. చలికాలంలో ఆ పై రైళ్ళు సాయంత్రానికే ఆగిపోతాయి, టైం చూసుకోండి.

ఇన్సూరెన్స్ కాగితంలో ‘వింటర్ స్పోర్ట్స్’ ఉందో లేదో చదవండి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావాటికి అది ఉండదు. కొండ మీద దెబ్బ తగిలితే హెలికాప్టర్‌కి అయ్యే ఖర్చు మీ సెలవుల ఖర్చుని మించిపోతుంది.

ఇంకొకరు (హైదరాబాద్ నుంచి):

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మేం సంక్రాంతి సెలవులకి ఇదే ఊరు అనుకుంటున్నాం. జనవరి మధ్యలో రద్దీ తక్కువేగా?

జవాబు:

మిగతా ఆల్ప్స్‌లో తక్కువే గానీ వెంగెన్‌లో కాదండి. సరిగ్గా ఆ రోజుల్లోనే లౌబర్‌హార్న్ అనే స్కీ పందెం జరుగుతుంది. 1930లో మొదలైంది. దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల దిగుడు, ప్రపంచ కప్ డౌన్‌హిల్ పందేల్లో అన్నిటికన్నా పొడవైనది. ఆ వారం గదులు దొరకవు, రైళ్ళు కిక్కిరిసి ఉంటాయి, కొన్ని దారులు మూసేస్తారు. పందెం చూడాలనుంటే తప్పకుండా వెళ్ళండి, అదొక జాతర. నేర్చుకోవాలంటే మాత్రం జనవరి చివరి వారం చూసుకోండి.

మళ్ళీ ప్రశ్న:

మరి అమ్మ సంగతి?

జవాబు:

ఆవిడకి రైలే పెద్ద వినోదం. 2,061 మీటర్ల ఎత్తున్న క్లైనె షైడెగ్ దాకా కూర్చునే వెళ్ళొచ్చు, దిగగానే ఐగర్ శిఖరం ఎదురుగా నిలబడి ఉంటుంది. అక్కణ్ణుంచి ఇంకా పైకి రైల్లో వెళ్ళే యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ 3,454 మీటర్లు, బీపీ, గుండె సమస్యలుంటే డాక్టర్ని అడిగాకే. జారని బూట్లు, చేతికర్ర ఇవ్వండి.

తిండికి వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ మేలు, ఊళ్ళో కూప్ సూపర్‌మార్కెట్ ఉంది. పప్పులు, పొడులు, ఊరగాయ పట్టుకెళ్ళండి. నెయ్యి, పాలకోవా వద్దు: ఇండియా నుంచి గానీ ఇంగ్లండ్ నుంచి గానీ పాలతో చేసినవి స్విట్జర్లాండ్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. వెన్న అక్కడే కొని కాచుకోండి. హోటల్లో ఫాండ్యూ అంటే చీజే కదా అనుకుంటారు, అందులో వైన్ పోస్తారు. బంగాళాదుంప రోస్టీ అడిగితే పంది మాంసం ముక్కలు వేయొద్దని ముందే చెప్పాలి.

అమ్మగారి మోకాళ్ళ కోసమైనా సరే, కాస్త ఖరీదెక్కువైనా స్టేషన్ దగ్గరి ఇల్లే చూడండి. రెండు మూడు ఇళ్ళు అనుకున్నాక వాటి వివరాలు ఇక్కడ పెట్టండి, ఎగువో దిగువో చూసి చెప్తాను.